అడుగు మన్ను

వార్షిక సంచికకు ఒక వ్యాసం వ్రాసి ఇవ్వవలసిందని సంపాదకవర్గం వారు కోరినప్పుడు, అండమాన్ సముద్రంలో మునిగిన అనుభవాన్ని వ్రాస్తానన్నాను. అధ్యాపకుల గదిలో ఒకరిద్దరు నవ్వారు. ఆ నవ్వు సహజమే. నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలలో పుట్టి పెరిగి, అక్కడే ఉద్యోగం చేస్తూ, మృగశిర కార్తె వచ్చిందంటే ఆకాశం వైపు చూచే మనవంటి వారికి సముద్రమనేది భూగోళశాస్త్రంలోని ఒక పాఠం మాత్రమే. మనం నీటి లోతును చెప్పుకోము, బోరు లోతును చెప్పుకుంటాము. ‘ఎన్ని ఫీట్లకు నీళ్ళు పడ్డయి?’ అన్న ప్రశ్నలోనే మన ఊళ్ళ జలశాస్త్రమంతా ఇమిడి ఉంది.

అయినా మనకు సముద్రం ఎన్నడూ లేదనుకోవడం సరికాదు. మన కళాశాల వరండాలో పరచిన షాబాదు బండల మీద రోజూ నడుస్తున్నాము. ఆ బండలు భీమా నదీ ప్రాంతపు సున్నపురాళ్ళు. ఒకానొక ప్రాచీన సముద్రపు అడుగున పొరలు పొరలుగా పేరుకొన్న బురద గట్టిపడి రాయి అయినది. హుజూర్‌నగర్, మఠంపల్లి, మేళ్లచెరువు ప్రాంతాలలో సిమెంటు కర్మాగారాలు పిండి చేస్తున్న రాయి కథ కూడా అటువంటిదే. యాభై కోట్ల సంవత్సరాలకు పూర్వపు మాట అది. పగడపు జీవి ఇంకా భూమి మీద పుట్టలేదు. అంటే మన పాదాల క్రింద సముద్రపు అడుగు ఉంది గాని, సముద్రం మాత్రం తరలిపోయింది.

‘అడుగు’ అన్నాను గనుక ఈత బావి సంగతి చెప్పాలి. మా చిన్ననాట వ్యవసాయపు బావులు నిండుగా ఉండేవి. వీపుకు ఎండిన సొరకాయ బుర్ర కట్టి పెద్దలు మమ్మల్ని నీళ్ళలోకి తోసేవారు. బుర్ర విప్పి ఈదగలిగిన తర్వాత వచ్చే అసలు పరీక్ష మునక. ఊపిరి బిగబట్టి బావి అడుగు దాకా పోయి, అక్కడి మన్ను పిడికిట పట్టుకొని పైకి వచ్చి గట్టు మీది వారికి చూపించాలి. మన్ను లేకుండా వచ్చినవాని మాటను ఎవరూ నమ్మేవారు కారు. నల్లగా, చల్లగా, కొంచెం కుళ్ళు వాసనతో ఉండే ఆ అడుగు మన్నే మా ధ్రువపత్రం. ఇప్పుడు ఆ బావులలో చాలావాటికి అడుగు ఎండలో కనబడుతూనే ఉంది. దానికోసం మునగవలసిన అవసరం లేదు.

జంతుశాస్త్రం బోధించడం నా వృత్తి. ప్రయోగశాలలోని అలమరలో, గాజు తలుపు వెనుక, పై నుంచి రెండవ అరలో నాలుగు పగడపు నమూనాలున్నాయి: ఫంజియా, మాడ్రిపోరా, ట్యూబిపోరా, గోర్గోనియా. ఏ సంవత్సరంలో కొన్నారో తెలిపే రిజిస్టరు చెదలు తిన్నది. ముప్పై సంవత్సరాలుగా వాటినే బల్ల మీద పెట్టి, గుర్తించి బొమ్మ గీయమంటున్నాను. పిల్లలు గీస్తున్నారు. ఫంజియా తెల్లగా, తలక్రిందులు చేసిన పుట్టగొడుగు వలె ఉంటుంది. ఉర్దూ మాధ్యమం నుండి వచ్చిన ఒక విద్యార్థిని ఒకసారి దానిని చేతిలోకి తీసుకొని అడిగింది: ‘సర్, మూంగా పత్థర్ హై యా జాన్వర్?’ రాయా, జంతువా అని. మంచి ప్రశ్న. ఉంగరాలలో పొదిగే పగడాన్ని నవరత్నాలలో ఒకటిగా తెలుగువారు ఎంచుకున్నారు. అరబ్బీలో మర్జాన్ అన్న పేరును ఆడపిల్లలకు కూడా పెట్టుకుంటారు. ఆ ఎర్ర పగడం మధ్యధరా సముద్రం వంటి చోట్ల లోతు నీళ్ళలో పెరిగే వేరొక జాతి. అండమాన్ వంటి దీవుల చుట్టూ దిబ్బలు కట్టే పగడం మరొకటి. రెండింటినీ కట్టేది మెత్తని శరీరమున్న, నోటి చుట్టూ స్పర్శకాలున్న చిన్న జంతువే. మన అలమరలో ఉన్నది ఆ జంతువు పోయిన తర్వాత మిగిలిన ఇల్లు. ఈ సమాధానాన్ని ఆమెకు చెప్పాను; నోట్సులో వ్రాసుకుంది. కాని ఇంటిని చూపి ఇంటివారిని వర్ణించడంలో ఉండే వెలితి నన్ను విడిచిపెట్టలేదు.

మన కళాశాలలో చదివి ఇప్పుడు అండమాన్‌లో ఉద్యోగం చేస్తున్న ఒక పూర్వ విద్యార్థి ఏళ్ళ తరబడి రమ్మని పిలుస్తుండగా, 2024 ఏప్రిల్ చివరి వారంలో, వేసవి సెలవులు మొదలు కాగానే బయలుదేరాను. మేము దిగినప్పుడు ఆ పట్టణం పేరు పోర్ట్ బ్లెయిర్. అదే సంవత్సరం సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వం దానిని శ్రీ విజయపురంగా మార్చింది. ఈ పేరు వినగానే నల్లగొండ వారికి నాగార్జునసాగరం క్రింద మునిగిన ఇక్ష్వాకుల విజయపురి గుర్తుకు రాకమానదు. రెండు పేర్లకూ సంబంధమేమీ లేదు. అయినా ఆ పోలిక నా వెంట చాలా దూరం వచ్చింది. దానిని గూర్చి తర్వాత చెబుతాను.

మన పెద్దలకు ఆ దీవుల పేరు కాలాపానీ. 1857 జూలై 17న హైదరాబాదు రెసిడెన్సీ మీద జరిగిన దాడిలో తుర్రేబాజ్ ఖాన్‌తో కలిసి ముందు నడిచిన మౌల్వీ అలావుద్దీన్‌ను అక్కడికే పంపారు. ఆయన తిరిగి రాలేదు, అక్కడే మరణించారు. రంప పితూరీలో అల్లూరి సీతారామరాజు వెంట నడిచిన వారిలో కొందరు కూడా ఆ నీళ్ళు దాటినవారే. సెల్యులర్ జైలు గోడల నడుమ నిలబడి ఇవన్నీ తలచుకున్నాను. ఇక్కడ వాటిని విస్తరించను. మన సంచికలలో ఆ విషయం మీద మంచి వ్యాసాలే వచ్చి ఉన్నాయి.

అండమాన్ నికోబార్ జనాభాలో 2011 లెక్కల ప్రకారం నూటికి సుమారు పదముగ్గురి మాతృభాష తెలుగు. జంగ్లీఘాట్‌లోని బెస్తవాడలో మీరు నిలబడితే శ్రీకాకుళం తీరాన నిలబడినట్టే ఉంటుంది. పట్టణం నుండి వండూరు రేవుకు వెళ్ళాము. 1983లో ఏర్పడిన మహాత్మా గాంధీ సముద్ర జాతీయ వనానికి ద్వారం అదే. పదిహేను దీవులు, వాటి నడుమ నీళ్ళు కలిసి 281 చదరపు కిలోమీటర్లకు కాస్త ఎక్కువ. మనకు జాతీయ వనమంటే చెట్లు, జింకలు. ఇక్కడ సముద్రమే వనం. రేవు దగ్గర మా సంచులు విప్పి చూచారు. ప్లాస్టిక్ సీసాలు, చిరుతిళ్ళ పొట్లాలు అక్కడే వదలిపెట్టవలసి వచ్చింది; నీళ్ళకు వేరే సీసాలు అద్దెకిచ్చి, తిరిగి తెస్తామన్న హామీకి కొంత ధరావతు తీసుకున్నారు. మొసళ్ళున్నాయి జాగ్రత్త అన్న పలక ఒకటి కూడా ఉంది. దానిని చూచి నా శిష్యుడు ధైర్యం చెప్పబోయాడు గాని, అతని కళ్ళు కూడా నీళ్ళ మీదనే ఉన్నాయి.

పడవ నడిపిన వ్యక్తికి అరవై ఐదేళ్ళుంటాయి. నేను శిష్యునితో తెలుగులో మాట్లాడడం విని తానే పలకరించాడు.

“మీది ఏ వూరు మాస్టారూ?”

“నల్లగొండ వైపు, పెద్దన్నా.”

“ఆ వూర్న సముద్రం నేదేటి?”

“లేదు. చెరువులున్నాయి. వాన పడితే నిండుతాయి.”

“పడకపోతే?”

“ఎండుతాయి.”

ఆయన కొంతసేపు దీనిని గూర్చి ఆలోచించినట్టున్నాడు. నిండడానికి వాన కావలసిన నీటిని ఆయన ఎన్నడూ నమ్ముకొని ఉండడు. తర్వాత తన సంగతి చెప్పాడు. తాతగారు శ్రీకాకుళం తీరం నుండి వచ్చారట. “మా అయ్య ఈ దీవుల సుట్టూరా వల ఏసేవోడు. ఆయన పోయినాక పార్కొచ్చింది. ఇప్పుడీడ గేలం ఏస్తే పడవ పోద్ది. టూరిస్టుని ఎక్కిస్తే డబ్బులొస్తాయి. అవే నీళ్ళు, అదే పడవ.” ఆ మాటలో కోపం లేదు. పార్కు లేకపోతే ఎలా ఉండేదని నేను అడిగాను. “ఏటుండును? మావోళ్ళమే ఊడ్సేద్దుము. అదీ నిజమే. గానీ మాస్టారూ, మా పిల్లోడికి వల అల్లడం రాదు.”

మన నల్లమలలో, అమ్రాబాదు వైపు పెంటలలో, చెంచువారి నోట ఇటువంటి మాటే విని ఉన్నాను. అడవిని కాపాడాలన్నా, సముద్రాన్ని కాపాడాలన్నా మొదట అడ్డుపడేది అక్కడ బ్రతుకుతున్నవాని చేతికే. టిక్కెట్టు కొనుక్కున్న నావంటివాడు నెమ్మదిగా లోపలికి పోతాడు. ఇది న్యాయమని నేను వ్రాయలేను. ఆ నీళ్ళకు కాపలా వద్దని వ్రాయడానికి కూడా, నేను చూచిన దాని తర్వాత, నాకు చేయి రాదు.

జాలీబాయ్ దీవికి గంట ప్రయాణం. దారికి రెండు వైపులా మడ అడవి వేళ్ళు నీటిలో కాళ్ళు చాపుకొని ఉంటుంది. ఈ వనంలో సందర్శకులను అనుమతించే దీవులు రెండే: జాలీబాయ్, రెడ్ స్కిన్. రెండింటినీ ఒకేసారి తెరవరు. ఏడాదిలో కొన్ని నెలలు ఒకటి, మిగిలిన నెలలు మరొకటి. ఒకటి తెరచి ఉండగా రెండవది విశ్రాంతి తీసుకుంటుంది. మన రైతులు పొలాన్ని బీడు పెట్టడం వంటి ఏర్పాటు ఇది. ఇది ఎవరికి తోచిన ఆలోచనో గాని నాకు చాలా నచ్చింది. దీవిలో దిగడానికి రేవు కూడా కట్టలేదు. పెద్ద పడవను దూరాన నిలిపి, అడుగున అద్దమున్న చిన్న పడవలలో ఒడ్డుకు చేరుస్తారు. ఆ అద్దంలో నుంచి మొదటిసారి సజీవమైన పగడాన్ని చూచాను. కాని అది కూడా అలమర వ్యవహారమే. నాకూ దానికీ నడుమ మళ్ళీ ఒక గాజు పలక.

అందుచేత మరునాడు ప్రభుత్వ నౌకలో రెండున్నర గంటలు ప్రయాణించి స్వరాజ్ ద్వీపానికి వెళ్ళాము. పూర్వం దాని పేరు హావ్‌లాక్. 2018 డిసెంబరులో మార్చారు. రిచీ ద్వీపమాలికలో ఇది పెద్ద దీవి. ప్రక్కనున్న దీవులతో 1996లో రాణీ ఝాన్సీ సముద్ర జాతీయ వనం ఏర్పడింది. ఆ వనం పొలిమేరలో, స్వరాజ్ ద్వీపం ఒడ్డునే, ఇదివరకు ఎన్నడూ మునగనివారిని కూడా శిక్షకుని వెంట నీటి అడుగుకు తీసుకుపోతారు. దానినే స్కూబా అంటారు. నీటి అడుగున స్వయంగా ఊపిరి పీల్చుకొనే పరికరానికి ఇంగ్లీషులో ఉన్న పొడవాటి పేరులోని మొదటి అక్షరాల కూర్పు ఆ మాట. ఫ్రాన్సు దేశంలో 1943లో జాక్ కూస్తో అనే నావికాధికారి, ఎమిలీ గాన్యాఁ అనే ఇంజనీరు కలిసి దీనికి నేటి రూపాన్నిచ్చారు. సిలిండరులో ప్రాణవాయువు ఉంటుందని మన విద్యార్థులు చాలామంది అనుకుంటారు. అందులో ఉండేది మనం పీల్చే మామూలు గాలే; రెండు వందల రెట్ల ఒత్తిడికి కుదించి నింపుతారు. నోటిలో కరచుకొన్న యంత్రం దానిని చుట్టూ ఉన్న నీటి ఒత్తిడికి సరిపడేట్టు తగ్గించి అందిస్తుంది.

నా వయస్సు చూచి వైద్యుని పత్రం అడిగారు, ముందే తెచ్చుకున్నాను. శిక్షకుడు ఇరవై ఆరేళ్ళ యువకుడు, ఆ దీవులలోనే పుట్టిన తెలుగువాడు. అతని తెలుగులో సగం హిందీ. మోకాటి లోతు నీళ్ళలో కూర్చోబెట్టి అతడు చెప్పిన మొదటి మాట: “సార్, ఊపిరి బిగపట్టొద్దు. ఏం జరిగినా బిగపట్టొద్దు.”

నలభై ఏళ్ళ క్రితం బావి గట్టు మీద నేర్చుకున్న విద్యకు ఇది పూర్తిగా విరుద్ధం. కారణాన్ని భౌతికశాస్త్ర విద్యార్థులు ఇట్టే చెప్పగలరు. పది మీటర్ల లోతున ఒత్తిడి ఒడ్డు మీది దానికి రెట్టింపు. బావిలో మునిగేవాడు పైన పీల్చిన గాలితోనే లోపలికి పోతాడు. ఆ గాలి లోతున కుంచించుకొని, పైకి రాగానే మునుపటి పరిమాణానికి వస్తుంది. సిలిండరు కట్టుకొన్నవాడు లోతులోనే గాలి పీలుస్తాడు. అక్కడ నిండా పీల్చిన గాలి పైకి వచ్చేసరికి రెండింతలు కావాలని చూస్తుంది. ఊపిరి బిగబట్టి ఉంటే దానికి దారి లేదు, ఊపిరితిత్తులు చినుగుతాయి. కనుక లోపలికి, బయటికి, మెల్లగా, ఆపకుండా పీలుస్తూ ఉండాలి. పైకి రావడం కూడా మెల్లగానే రావాలి. చెవులలో నొప్పి పుడితే ముక్కు మూసి నెమ్మదిగా గాలి ఊది సరిచేసుకోవాలి. బొటనవ్రేలు పైకెత్తితే బాగుందని అర్థం కాదు, ‘పైకి పోదాం’ అని అర్థం. బాగుందనడానికి బొటనవ్రేలు, చూపుడు వ్రేలు కలిపి సున్న చుట్టాలి. ఇక చివరి పాఠం: “చేతులు కట్టుకొని ఉండండి సార్. ఏదీ ముట్టుకోవద్దు. అడుగున కాలు పెట్టొద్దు. ఏదీ తేవద్దు.”

నీళ్ళలోకి దిగిన మొదటి రెండు నిమిషాలు నాకు సముద్రం కనబడలేదు, నా ఊపిరి శబ్దమే వినబడింది. శరీరం ప్రతిసారీ బిగబట్టమంటుంది, బుద్ధి వదలమంటుంది. ఏదో ఒక క్షణాన ఆ రెండింటి తగాదా తీరింది. అప్పుడు చూచాను.

ఎంత లోతు అని మీరు అడుగుతారు. నావంటివారికి అనుమతించే హద్దు పన్నెండు మీటర్లు. మేము ఎనిమిదికి మించలేదు. మన పాత వ్యవసాయపు బావి లోతే. కాని బావిలో గోడ ఉంటుంది, ఇక్కడ నాలుగు దిక్కులా నీలమే. శిక్షకుని కాళ్ళ రెక్కలు ఒడ్డున ఎర్రగా ఉండేవి, లోపల మట్టిరంగుకు మారిపోయాయి. సూర్యకాంతిలోని ఎరుపును నీరు అన్నింటికంటె ముందు త్రాగివేస్తుంది. ఎక్కడి నుంచో కరకరమని శబ్దం వచ్చింది. ఏ దిక్కు నుంచో తెలియలేదు. గాలిలో కంటె నీటిలో శబ్దం నాలుగింతలకు పైగా వేగంతో పోతుంది, రెండు చెవులకూ దాదాపు ఒకేసారి చేరుతుంది. చుట్టూ చూడగా ఒక చిలుక చేప పగడపు దిబ్బను ముక్కుతో గీకి తింటున్నది. అది మింగిన సున్నం తెల్లని ఇసుకై వెనుక నుంచి రాలుతుంది. జాలీబాయ్‌లో నేను చెప్పులు విడిచి, మెత్తగా ఉందని మెచ్చుకుంటూ నడచిన ఇసుకలో కొంత భాగం ఈ విధంగా తయారైనదే.

పగడాల రంగులను గూర్చి వర్ణనలు చదివి చాలా ఆశించి ఉన్నాను. నిజానికి వాటిలో ఎక్కువ భాగం గోధుమ రంగు, బూడిద పసుపు, చామనచాయ ఆకుపచ్చ. దుక్కి దున్నిన చెలక రంగులు. ఆ రంగులు జంతువువి కావు. దాని శరీర కణాలలో కాపురమున్న సూక్ష్మమైన శైవలాలవి. ఆ శైవలం సూర్యరశ్మితో ఆహారం తయారుచేసి ఆతిథ్యమిచ్చినవానికి పెడుతుంది. పగడపు జీవి తిండిలో అత్యధిక భాగం ఆ విధంగా వచ్చేదే. అండమాన్ నికోబార్ సముద్రంలో నాలుగు వందలకు పైగా పగడపు జాతులను శాస్త్రజ్ఞులు గుర్తించారు. నేను గుర్తించగలిగినవి నాలుగైదు. కొమ్మలు కొమ్మలుగా ఉన్న మాడ్రిపోరాను చూచి, సభలో పరిచయస్తుని చూచినట్టు తల ఊపాను. శిక్షకుడు నాకేమైనా ఇబ్బందేమోనని దగ్గరకు వచ్చాడు.

తర్వాత ఇసుక మీద ఫంజియాలు కనిపించాయి. మూడు, ఒకదానికొకటి జానెడు దూరంలో. ఇతర పగడాల వలె ఇది దిబ్బకు అంటుకొని ఉండదు. పెరిగిన తర్వాత ఒంటరిగా అడుగున పడి ఉంటుంది. ఒకటి గోధుమ రంగులో, సన్నని అంచులతో, నిండుగా ఉంది. ముప్పై సంవత్సరాలు చేతబట్టుకొని బోధించిన వస్తువు ప్రాణంతో నా ముందున్నది. దాని ప్రక్కనున్న రెండూ తెల్లగా ఉన్నాయి.

ఆ తెలుపును నేను ఎరుగుదును. మన అలమరలోని తెలుపే అది. అయితే మరికొంత క్రిందికి వంగి చూడగా, ఆ తెలుపు మీద గాజు వంటి పలుచని పొర, దానిలో నుంచి బయటికి చాచిన చిన్న చిన్న స్పర్శకాలు కనిపించాయి. అది చావలేదు. నీరు మామూలు వేసవి గరిష్ఠం కంటె ఒక డిగ్రీ ఎక్కువ వేడిగా కొన్ని వారాల పాటు ఉంటే చాలు, ఆ జంతువుకూ శైవలానికీ పొత్తు చెడుతుంది. శైవలాన్ని బయటికి నెట్టివేస్తుంది. రంగు పోయి, పారదర్శకమైన శరీరం వెనుక సున్నపు ఎముక కనబడుతుంది. శాస్త్రజ్ఞులు దీనిని బ్లీచింగ్ అంటారు. పాలమూరు బిడ్డలకు దీనిని వివరించడం కష్టం కాదు. వండి పెట్టేవారు వలస పోయిన ఇల్లు అది. గోడలు నిలిచే ఉంటాయి, లోపల ముసలివారు ప్రాణాలతోనే ఉంటారు, పొయ్యి మాత్రం రాజదు. నీరు త్వరగా చల్లబడితే శైవలం తిరిగి వస్తుంది. లేకుంటే ఆకలితో ఆ జీవి మరణిస్తుంది. 2010లోను, 2016లోను అండమాన్ పగడాలు ఈ విధంగా పాలిపోయాయి. మేము వెళ్ళడానికి పది రోజుల ముందు, 2024 ఏప్రిల్ 15న, ప్రపంచ సముద్రాలన్నింటా నాలుగవ పర్యాయం ఇది వ్యాపించిందని శాస్త్రజ్ఞులు ప్రకటించి ఉన్నారు. ఆ వార్తను పత్రికలో చదివి మడిచి పెట్టినవాణ్ణే నేను.

అడుగు నా చేతికి అందేంత దగ్గరలో ఉంది. ఇసుక తెల్లగా, నలగని బట్ట వలె పరచుకొని ఉంది. బావి నాటి అలవాటు వ్రేళ్ళలో కదిలింది. పిడికిలి తనంతట తానే ముడుచుకుంది. చేతులు ఛాతీకి కట్టుకొనే ఉన్నాను. శిక్షకుడు బొటనవ్రేలు పైకెత్తాడు. ఐదు మీటర్ల లోతున మూడు నిమిషాలు ఆగి, మెల్లగా పైకి వచ్చాము. గట్టు మీద నా శిష్యుడు, “ఎట్లున్నది సార్?” అన్నాడు. ఉప్పునీళ్ళు మింగిన గొంతుతో ఏదో చెప్పాను. మునిగిన తర్వాత పద్ధెనిమిది గంటల పాటు విమానమెక్కకూడదన్నారు. ఆ రాత్రంతా ఒడ్డున కూర్చొని ఆలోచించడానికి అది మంచి సాకు అయింది.

అక్కడే విజయపురి మళ్ళీ గుర్తుకు వచ్చింది. 1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేసేనాటికే లోయలో త్రవ్వకాలు సాగుతున్నాయి. 1954 నుండి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వాన పురావస్తు శాఖ వారు నీటితో పోటీపడి పని చేశారు. దొరికిన శిల్పాలను కొండ మీదికి చేర్చారు. ముఖ్యమైన కట్టడాలను కొన్నింటిని కొండ మీద, కొన్నింటిని అనుపులో మళ్ళీ నిలబెట్టారు. ఆ కొండే ఇప్పుడు దీవి, దాని మీదనే మ్యూజియం. శ్రీశైలం జలాశయం వచ్చినప్పుడు కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని కూడా రాయి వెంట రాయి విప్పి అలంపురంలో తిరిగి కట్టారు. మన జిల్లాల వారికి రక్షించడమంటే ఇదే: నీళ్ళు వస్తున్నాయంటే విప్పడం, మోయడం, ఎత్తైన చోట నిలబెట్టడం. మనుషులను మాత్రం అంత జాగ్రత్తగా తరలించలేదన్నది ఆ ఊళ్ళ వారినడిగితే తెలుస్తుంది.

పగడాన్ని అట్లా మోయడం కుదరదు. పైకి తెచ్చిన క్షణం నుంచి అది మన అలమరలోని స్పాటరు అవుతుంది. దానిని ఉన్నచోట ఉంచి, మన చేతులు మనం కట్టుకోవడం ఒక్కటే ఇంతవరకు జాతీయ వనానికి తెలిసిన విద్య. వల రాకుండా, లంగరు పడకుండా, సందర్శకుని జేబులోకి ముక్క పోకుండా చూడగలదు. వేడి నీటిని రేవు దగ్గర నిలిపి సంచి విప్పించే అధికారి ఎవరూ లేరు. ఆ వేడిలో మన మోటారు పొగ, మన విద్యుత్కేంద్రాల బొగ్గు, అక్కడి దాకా నన్ను మోసుకుపోయిన విమానం అన్నీ ఉన్నాయి. అయితే మనుషుల చేతి దెబ్బ తగలని దిబ్బ వేడి దెబ్బ నుంచి కోలుకొనే అవకాశం ఎక్కువని ఆ శాస్త్రంలో పనిచేసేవారు చెబుతారు. జాలీబాయ్‌ను నెలల తరబడి మూసి ఉంచడంలోని అర్థం నాకు అప్పుడు మరింత బాగా తెలిసింది; పడవ పెద్దన్న కోల్పోయిన వల బరువు కూడా.

కళాశాల తెరచిన తర్వాత రెండవ సంవత్సరం విద్యార్థులు చుట్టూ చేరారు. “సార్, మా కోసం ఏం తెచ్చిన్రు?” అన్నారు. చిన్న ముక్కైనా తేకపోయారా అని ఒకరి ఫిర్యాదు. దిబ్బలు కట్టే పగడాలను, ట్యూబిపోరాను, గోర్గోనియాను 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టపు ఒకటవ షెడ్యూలులో చేర్చారని చెప్పాను. అంటే పులికి ఉన్న రక్షణే వాటికీ ఉంది. ఒడ్డున పడిన చచ్చిన ముక్కను తెచ్చినా నేరమే. మన అలమరలోని నాలుగు నమూనాలు ఆ చట్టానికి ముందటి కాలపువి. అటువంటివి ఇక రావు. వాటిని పగులకుండా చూచుకోవలసిందని మా ప్రయోగశాల సహాయకునికి చెప్పి ఉన్నాను.

నవంబరులో ఆ శిక్షకుడు నా ఫోనుకు ఒక ఛాయాచిత్రం పంపాడు. అదే చోటు, అవే ఫంజియాలు. వాటిని కనిపెట్టి ఉండమని వచ్చేటప్పుడు కోరాను. తెల్లబడిన రెండింటిలో ఒకటి అంచుల నుండి గోధుమ రంగుకు తిరుగుతున్నది. రెండవదాని మీద పచ్చని నాచు పరచుకొని ఉంది, అది పోయినట్టే. మొదటి నుంచీ నిండుగా ఉన్నది ఆ చిత్రంలో లేదు. ‘అలలకు దొర్లి ఎటో పోయింది సార్, వెదుకుతా’ అని వ్రాశాడు. ఆ చిత్రాన్ని పెద్దదిగా అచ్చు వేయించి, పై నుంచి రెండవ అరలో పాత ఫంజియా ప్రక్కన నిలబెట్టాను. ఈ సంవత్సరం ప్రాక్టికల్ తరగతిలో రెండింటినీ బల్ల మీద పెట్టి, భేదాలు వ్రాయమన్నాను.